మధ్యలో కల్లం

ట్రేసర్ సార్ పోయారన్న సంగతి నాకు షేర్ ఆటోలో తెలిసింది. ఖానాపురం హవేలిలో ఎక్కి, ఒళ్లో టిఫిన్ బాక్సు సర్దుకుంటున్నాను. డ్రైవరు పక్కన సగం సీటు మీద వేలాడుతున్న మనిషి వెనక్కి తిరిగి చూసి, "నమస్తే మేడం. ట్రేసర్ సార్ పోయిండు గద, మీకు ఎరుకేనా?" అన్నాడు. ఒకప్పుడు మా సైటులో పనిచేసిన మేస్త్రీ. నాకు ఎరుక లేదు. పోయి అప్పటికే పదకొండు రోజులట.

నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఆరేళ్లు ఒకే గదిలో ఎదురెదురు టేబుళ్ల మీద పనిచేసినదాన్ని, నాకు ఒక్క మనిషీ కబురు చెయ్యలేదేమని. ఆటో బస్టాండు చేరేలోపు ఆ కోపం నా మీదికే తిరిగింది. ఆయన రిటైరయ్యాక నేను ఒక్కసారి వెళ్లి చూశానా? ఒక్క ఫోను చేశానా? చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో నాకు బాగా తెలుసు. ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ఆయన ఉద్యోగం మా యూనివర్సిటీ ఇంజనీరింగు సెక్షన్‌లో డ్రాఫ్ట్స్‌మన్. చేరింది మాత్రం ట్రేసరుగా. అంటే ఇంజనీరు పెన్సిలుతో గీసిన బొమ్మ మీద పల్చటి ట్రేసింగు కాగితం పరిచి, సిరాతో మళ్లీ గీసే పని. ప్రమోషన్ వచ్చి ఎన్నేళ్లయినా పిలుపు మారలేదు. ఆయనకీ పట్టలేదు. "ఒకలు గీసినదాని మీద గీసుడే గద బిడ్డా, పేరేదైతే ఏంది" అనేవారు.

బక్కపల్చటి మనిషి. పొట్టి చేతుల చొక్కా, జేబు కింద ఎప్పుడూ ఒక సిరా మరక. ఆ జేబులో సగానికి విరిచిన బ్లేడు, కాగితంలో చుట్టి ఉండేది. ట్రేసింగు కాగితం మీద సిరా తప్పు పోతే రబ్బరుతో పోదు, బ్లేడుతో మెల్లగా గీకాలి. ఆయన గీకుతుంటే చూడాలి, పసిబిడ్డకు గోళ్లు తీస్తున్నంత ఓపిక. గీకాక ఉఫ్‌మని ఊది, వెలుతురుకు ఎత్తి చూసేవారు. "తప్పు పోతది గని జాడ ఉంటది. ఉండనియ్యి" అనేవారు.

సెక్షన్ మొత్తానికి మంచి స్టీలు స్కేలు ఒక్కటే ఉండేది. దాన్ని తన టేబుల్ మీద ఉంచుకునే హక్కు ఆయనకుంది. కానీ సివిల్ వాళ్లకీ ఎలక్ట్రికల్ వాళ్లకీ మధ్య ఉన్న కిటికీలో పెట్టేవారు. ఆ రెండు వైపులవాళ్లకీ అప్పట్లో మాటల్లేవు. స్కేలు కోసం మాత్రం కిటికీ దగ్గరికి రాక తప్పేది కాదు. కొన్నాళ్లకి "మీది అయిందా" అంటే "ఇంకో నిమిషం" అనుకునేదాకా వచ్చారు. నేను ఒకరోజు ఇంకో స్కేలు కొనమని ఇండెంటు రాయబోతే ఆయన నా చేతిలో కాగితం పట్టుకున్నారు. "వద్దు బిడ్డా. రెండు స్కేళ్లు ఉంటె మళ్ల మాట్లాడుకోరు."

టీ టేబుల్ దగ్గరికి తెప్పించుకునేవారు కాదు. గేటు దాటి, రోడ్డవతల బంకు దగ్గరికి వెళ్లి నిలబడి తాగాల్సిందే. నేను ఎండలో రాలేనని గునిస్తే, "తెప్పిచ్చుకుంటె టీనే వస్తది. పోయి తాగితే నలుగురు ఎదురు పడ్తరు" అనేవారు. ఎదురు పడాలె. ఆయన నోట ఈ మాట రోజుకు పదిసార్లు వినేదాన్ని. మొదట్లో చాదస్తం అనుకున్నాను. నేను డిప్లొమా చేసి, కొత్తగా వచ్చిన కంప్యూటరు మీద ఆటోక్యాడ్ నడపడానికి కాంట్రాక్టు మీద చేరినదాన్ని. చేత్తో గీసేవాళ్లంటే నాకు లోలోపల కాస్త చులకన కూడా ఉండేది. ఆ మాట వెనక ఏముందో చెప్పిన రోజున ఆ చులకన పోయింది.

ఆయన ఊరు దమ్మపేట దాటాక, తారురోడ్డు అయిపోయి అడవి మొదలయ్యేచోట. అక్కడ ఆయన అక్క ఉండేది, కొడుకూ కోడలితో. తల్లి చిన్నప్పుడే పోతే ఆవిడే ఈయన్ని పెంచింది. ఖమ్మంలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండే ఈయన, శనివారం వచ్చిందంటే బస్సెక్కి అక్క దగ్గరికి పోయేవారు. ఆవిడ నడుము, మెడ బిగిసిపోయాయి. కూర్చోలేదు, వంగలేదు. పక్కకి చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. పడుకోవాలంటే ఎవరో పట్టి మంచం మీదికి వాల్చాలి.

మా పాత బిల్డింగులో కెమిస్ట్రీ పై అంతస్తు, జువాలజీ కింది అంతస్తు. కెమిస్ట్రీ సారు ఒకాయన ఏటా ఎండాకాలం ఆ అడవి ఊళ్లు తిరిగి, బోరింగు నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చి పరీక్షలు చేసేవాడు. జువాలజీ సారు ఒకాయన అవే ఊళ్లు తిరిగి పశువుల పళ్లూ కాళ్లూ చూసేవాడు, అవి ఎందుకు కుంటుతున్నాయని. ఇద్దరూ తమ రిపోర్టులకు మ్యాపులు గీయించుకునేది మా ట్రేసర్ సార్ చేతే. మొదటి మ్యాపు గీసిన రెండేళ్లకు రెండోది వచ్చింది. రెండోదాని మీద చుక్కలు పెడుతుంటే, ఇవే చుక్కలు ఇంతకుముందు పెట్టానే అని అనుమానం వచ్చిందట. బీరువాలోంచి పాత ట్రేసింగు తీసి, దీని మీద పరిచారు. చుక్క మీద చుక్క కూర్చుంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లూ, గొడ్లు కుంటుతున్న ఊళ్లూ ఒకటే.

"ఒక చుక్క కింద మా అక్క ఉన్నది బిడ్డా" అన్నారు నాతో.

రెండు కాగితాలూ చుట్టి పట్టుకుని పైకి పరిగెత్తారట. కెమిస్ట్రీ సారు చూసి, "నీళ్ల సంగతి నేను రాసేశాను కదయ్యా. పశువులు నా సబ్జెక్టు కాదు" అన్నాడట. కిందికి వస్తే జువాలజీ సారు, "బాగుంది, కానీ నీళ్లు నా సబ్జెక్టు కాదు" అన్నాడట. ఇద్దరూ మంచివాళ్లే. ఆ ఇద్దరి పనులూ నేను చేసిపెట్టాను, ఒక్కరి గురించీ చెడు మాట చెప్పలేను. ఆరేళ్లు ఒకే మెట్లు ఎక్కి దిగారు. ఆ రెండు మ్యాపులు ఒకే టేబుల్ మీద పడింది ఒక ట్రేసరు దగ్గర మాత్రమే.

ఆ శనివారం సార్ ఊరికి పోయారు, బోరింగు నీళ్లు తాగొద్దని చెప్పడానికి. తునికాకు కోసే రోజులు. ఊరంతా కల్లం దగ్గరుంది. మనవైపు కల్లం అంటే ఎవరికి తెలియదు? వైరా వైపు మిరపకాయలు ఎండబోసేదీ కల్లమే, వడ్లు నూర్చేదీ కల్లమే. అడవి ఊళ్లలో తునికాకుకు కూడా ఒక కల్లం ఉంటుంది. చుట్టూ నాలుగైదు పల్లెలవాళ్లు కోసిన ఆకు కట్టలు కట్టి తెచ్చి, వరసలుగా పేర్చి, ఎండాక తిరగేస్తారు. పని ఎవరిది వాళ్లదే, చోటు మాత్రం అందరిదీ. అక్కడ సార్ రెండు మ్యాపులూ విప్పి చెబుతుంటే ఆడవాళ్లు నవ్వారట. "గిది జెప్పెతందుకు ఖమ్మం కెల్లి వచ్చినవా? మాకు పోయినేడే ఎరుక" అన్నారట.

అంతకుముందు ఏడాది అదే కల్లంలో, కట్టలు తిరగెయ్యడానికి వంగబోయి ఒకావిడ, "నా మోకాళ్లు వంగుతలేవే" అన్నది. పక్కావిడ "నాయి గూడ" అన్నది. అటు గూడెం నుంచి ఆకు తెచ్చినామె, "మా దిక్కు ఎవ్వలకి గట్ల లేదు. మేము వాగుల చెలిమె తీసుకొని తాగుతం" అన్నది. వాగు ఇసకలో గుంట తవ్వితే ఊరే నీళ్లు అవి. అంతే. ఆకు సీజన్ అయ్యేలోపు ఎవరి ఇంట్లో ఏ నీళ్లు, ఎవరికి నొప్పులు అన్నదంతా తేల్చేశారు. మర్నాటి నుంచి వాగుకు నడవడం మొదలుపెట్టారు. నడవగలిగినవాళ్లు. సార్ అక్క అప్పటికే నడిచే స్థితిలో లేదు. వాళ్ల ఇల్లు బోరింగు పక్కనే.

"ఒక్కామె సదువుకోలే బిడ్డా. మా సార్లకు ఆరేండ్లల్ల తేలంది వాళ్లకు ఇరవై రోజులల్ల తేలింది. ఏమున్నది వాళ్లకాడ? కల్లం ఉన్నది" అన్నారు ట్రేసర్ సార్. ఆ మాట అంటూ ఆయన ఏడుస్తారేమో అని భయపడ్డాను. ఏడవలేదు. బ్లేడు తీసి, ఏదో గీత గీకడం మొదలుపెట్టారు.

ఇది జరిగిన కొన్నాళ్లకే యూనివర్సిటీకి కొత్త సైన్సు పరిశోధన భవనం మంజూరైంది, ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, ఊరి బయట. ఆర్డరులో "అన్ని శాఖలవారూ కలిసి పనిచేసేందుకు వీలుగా" అని ఒక వాక్యం ఉంది. అలాంటి వాక్యాలు ఆర్డర్లలో ఉంటాయి, ఎవరూ చదవరు. మా ఈఈ గారు, అంటే సెక్షన్‌కు పెద్ద ఇంజనీరు, చదవకుండానే కాగితం ట్రేసర్ సార్ టేబుల్ మీద పడేశారు. "ఇటు నాలుగు రూములు, అటు నాలుగు రూములు, మధ్యల కారిడారు. రెండ్రోజులల్ల గీసియ్యి."

సార్ ఆ వాక్యాన్ని చదివారు. మూడు నెలలు తీసుకున్నారు.

ఆ మూడు నెలలూ ఆయన మనుషుల్లో లేరు. కొలిచే టేపు మెడలో వేసుకుని ప్రతి ల్యాబుకూ పోయి, ప్రతి ప్రొఫెసర్నీ ఒకటే అడిగేవారు: "సార్, రోజు మొత్తంల మీకు ఎవరెవరు ఎదురు పడ్తరు?" వాళ్లకు ఆ ప్రశ్న అర్థమయ్యేది కాదు. వాళ్ల జవాబు మాత్రం అందరిదీ ఒకటే. అటాచ్డ్ బాత్రూమ్ కావాలి. ఒకాయనకు రెండు కావాలి. సార్ తిరిగొచ్చి నా ముందు కూలబడేవారు. "అటాచ్డ్ బాత్రూమ్ ఇస్తె మనిషి ఇగ బయటికెందుకొస్తడు బిడ్డా? రూముల్నే పుట్టి రూముల్నే పోతడు."

ఆఖరికి ఆయన గీసింది ఇది. చుట్టూ ల్యాబులు. మధ్యలో నలభై అడుగుల చదరం చోటు, పైన కప్పు, కింద బండలు, గోడ అన్నది లేదు. అన్ని ల్యాబుల తలుపులూ దాంట్లోకే తెరుచుకుంటాయి. మెట్లు దిగితే దాంట్లోకే దిగాలి. తాగే నీళ్లు అక్కడే, నోటీసు బోర్డు అక్కడే, బాత్రూములు దాని అవతలి వైపు. అంటే ఎంత పెద్ద సైంటిస్టు అయినా రోజుకు నాలుగుసార్లు ఆ చోటు దాటక తప్పదు. ఈఈ గారికి కూడా నచ్చింది, పైపుల ఖర్చు తగ్గుతుందని.

ఒక సాయంత్రం ఆఫీసు వెనక ఖాళీ జాగాలో సుద్దపొడితో ఆ ప్లాను మొత్తం నేల మీద గీశారు, అసలు కొలతలతో. "నువ్వు ఫిజిక్సు మేడమ్‌వి. నీకు దూపైతాంది. నడువు" అన్నారు. తాను జువాలజీ మూల నుంచి బయల్దేరారు, బాత్రూముకు పోతున్నట్టు ఆత్రంగా. దాహమేసినట్టు నేనూ నవ్వాపుకుంటూ నడిచాను. సరిగ్గా మధ్యలో ఇద్దరం ఢీకొనబోయి ఆగాము. ఆయన మొహం వెలిగిపోయింది. "ఎదురు పడ్డం గద!" అని చప్పట్లు కొట్టారు. యాభై దాటిన మనిషి. ఆయన్ని అంత సంతోషంగా నేను మళ్లీ చూడలేదు.

ట్రేసింగు పూర్తయ్యాక ఆ మధ్య చోటులో తెలుగులో "కల్లం" అని రాశారు. నేను చూసి నవ్వాను. "పైకి పోయే డ్రాయింగు మీద తెలుగేంది సార్? ఇంగ్లీషుల రాయండి."

"దీన్ని ఇంగ్లీషుల ఏమంటరు బిడ్డా?"

హాలు అన్నాను. "హాలంటె కుర్చీలేసి తాళమేస్తరు" అన్నారు. లాబీ అన్నాను. సినిమా టాకీసా అన్నారు. నాకు ఇంకో మాట తోచలేదు. ఆయన జేబులోంచి బ్లేడు తీసి, ఆ తెలుగు అక్షరాలు ఒక్కొక్కటే గీకి, ఊది, అదే చోట ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, కే, ఏ, రెండు ఎల్లులు, ఏ, ఎమ్ అని రాశారు. నేను దాన్ని చూసి కంప్యూటర్లో అచ్చంగా అలాగే కొట్టాను. పిల్లర్లూ బీములూ లెక్కకట్టే కన్సల్టెంటుకు హైదరాబాదు పంపాము.

వారం తర్వాత ఈఈ గారి గదిలో ఫోను మోగింది. ఆయన లేరు, నేను ఎత్తాను. కరెంటు లేదు. కిటికీ పక్కనే జనరేటరు దడదడమంటోంది. అవతల కన్సల్టెంటుగారు.

"మేడమ్, సెంటర్‌లో చిన్న స్పెల్లింగు తేడా వచ్చినట్టుంది. అది కాలమే కదండీ?"

"అవ్ సార్, కల్లమే" అన్నాను.

"కన్ఫర్మేనా?"

"అవ్ సార్. అదే ముఖ్యం. బిల్డింగంతా దాని మీదనే ఉన్నది" అన్నాను. సార్ మూడు నెలల కష్టాన్ని హైదరాబాదు పెద్దమనిషికి నేను చక్కగా చెప్పాననుకుని పొంగిపోయాను కూడా.

"నేనూ అదే అనుకున్నానండీ. నలభై అడుగులు ఊరికే ఎలా నిలబడుతుంది" అని ఆయన పెట్టేశాడు.

ఆయన కాలమ్ అన్నాడు, అంటే పిల్లరు. నేను కల్లం అని విన్నాను. నేను కల్లం అన్నాను, ఆయన కాలమ్ అని విన్నాడు. ఇంజనీరింగు చదివినవాళ్లు పిల్లర్‌ని కాలమ్ అనే అంటారు, నేనూ రోజుకు వందసార్లు అనేదాన్ని. ఆ ఒక్క నిమిషం మాత్రం నా చెవిలో ఇంకో మాటకు చోటు లేకపోయింది.

రెండు వారాలకు డ్రాయింగులు తిరిగొచ్చాయి. చుట్ట విప్పాను. నలభై అడుగుల చోటు నట్టనడుమ నల్లటి చదరం, దాని మీదికి నాలుగు వైపుల నుంచీ బీములు. చూసిన క్షణంలోనే జరిగింది అర్థమైంది. సార్ ఆ వారం సెలవులో ఉన్నారు, అక్కను భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయారు. ఈఈ గారు పక్కగదిలోనే ఉన్నారు. పది అడుగులు నడిచి, ఫోన్లో నేను తప్పు విన్నాను అని చెబితే చాలు. అదే వారం నా కాంట్రాక్టు పొడిగింపు ఫైలు ఆయన టేబుల్ మీద ఉంది. నేను డ్రాయింగు మళ్లీ చుట్టి టెండరు కట్టలో పెట్టేశాను. సార్ వచ్చాక ఆయనకే చెబుదాం అనుకున్నాను. సార్ వచ్చారు. రేపు చెబుదాం అనుకున్నాను. అలా చాలా రేపులు గడిచాయి.

పునాదులకు ముగ్గు పోసిన రోజు సార్ సైటుకు వచ్చారు. చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చారు. గబగబా నడిచి మధ్యకు పోయి, అక్కడ నేల మీద తెల్లటి చదరం చూసి ఆగారు.

"ఈడ ముగ్గెందుకు పోసినవ్?" అని మేస్త్రీని అడిగారు.

"డ్రాయింగుల ఉన్నది సార్. సెంటర్ కాలమ్."

"కల్లమా?"

"కాలమ్ సార్. పిల్లరు."

సార్ ఆ చదరం చుట్టూ ఒకసారి తిరిగారు. చెప్పు అంచుతో ఒక వైపు గీతను చెరిపారు. మేస్త్రీ బిత్తరపోయి చూస్తున్నాడు. సార్ ఆగి, వాడి చేతిలోంచి సున్నం డబ్బా తీసుకుని, వంగి, చెరిపిన గీతను తానే మళ్లీ పోశారు, మునుపటికంటే తిన్నగా. అప్పుడు నా దగ్గరికి వచ్చారు. సరిగ్గా ఎదురుగా నిలబడ్డారు.

"స్ట్రక్చర్ డ్రాయింగులు నువ్వు చూడలేదా బిడ్డా?"

"చూడలే సార్. సీదా టెండరుకు పోయినయి" అన్నాను.

ఆయన నన్ను కొంచెంసేపు చూశారు. "మంచిది" అన్నారు.

ఈఈ గారి దగ్గర ఆ మధ్యాహ్నం జరిగింది నేను పక్కగదిలోంచి విన్నాను. పిల్లరు లేకుండా లోతు బీములు వేసి నిలబెట్టొచ్చని సార్ కాగితం మీద గీసి చూపించారు. ఈఈ గారు అరిచారు. "టెండరయిపోయినంక ఏంది నీ కల్లం లొల్లి? రేపు స్లాబు కూలితే జైలుకు నువ్వు పోతవా?" సార్ తన కాగితం చుట్టుకుని బయటికి వచ్చేశారు.

తర్వాత జరిగింది ఎవరైనా ఊహించగలరు. పిల్లరు లేచింది. పిల్లరు మీదికి బీములు వచ్చాయి. నెత్తి మీద బీము కనబడుతుంటే దాని కింద గోడ లేపమని అడగడం ఎంతసేపు? ఒకాయన స్టోరు రూము అడిగాడు. ఒకాయన బ్యాటరీలు పెట్టుకోవడానికి అడిగాడు. ప్రారంభోత్సవం నాటికి కల్లం నాలుగు గదులైంది, నాలుగింటికీ నాలుగు తాళాలు. రెండిటికి అటాచ్డ్ బాత్రూములు. నీళ్ల సారుకూ, పశువుల సారుకూ పక్కపక్క గదులే వచ్చాయి, మధ్యలో తొమ్మిదంగుళాల గోడ. ఆ పిల్లరు గోడల్లో కలిసిపోయింది. ఇప్పుడు ఏ గదిలో నిలబడ్డా దాని ఒక మూల తప్ప కనబడదు.

సార్ నాతో మారలేదు. అదే నన్ను చంపింది. నా కాంట్రాక్టు పొడిగించినప్పుడు అందరికంటే ముందు స్వీటు అడిగిందీ ఆయనే. రోజూ పదకొండింటికి లేచి, నా టేబుల్ దగ్గర ఆగి, "బిడ్డా, టీకి పోదమా?" అనేవారు. నేను పనుందనేదాన్ని. తర్వాత తర్వాత టీ నా టేబుల్ దగ్గరికే తెప్పించుకోవడం మొదలుపెట్టాను. ఆయన ఒక్కరే గేటు దాటి పోయి, వచ్చి, నా ముందు ఒక నిమిషం నిలబడి, "తాగొచ్చిన బిడ్డా" అని చెప్పి కూర్చునేవారు. నాలుగేళ్లు. ఎప్పుడు రిటైరవుతారా అని ఎదురుచూశాను. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ నిజం. సన్మానం రోజున దండ మెడలో ఉండగానే ఆయన గేటు దగ్గర నిలబడి అందరితో చెప్పి పోతున్నారు. నేను వెనక గేటు నుంచి ఇంటికొచ్చేశాను.

మేస్త్రీ చెప్పిన మూడో రోజున సెలవు పెట్టి దమ్మపేట బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటో. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు, బోరింగు పక్కనే అన్నారు. ఆ బోరింగుకు ఎవరో ఎప్పుడో ఎర్రరంగు వేశారు, ఈ నీళ్లు తాగొద్దని గుర్తుగా. రంగు చాలావరకు రాలిపోయింది. ఒక కొత్త కోడలు, పసుపుతాడింకా పచ్చగా ఉన్న పిల్ల, బిందె పెట్టి కొడుతోంది. నా పక్క నుంచి నడిచి ఇంకొకావిడా వచ్చి వరసలో బిందె పెట్టింది.

సార్ అక్క వసారాలో గుంజకు ఆనుకుని, వీధి వైపు చూస్తూ నిలబడి ఉంది. నేను దడి పక్క నుంచి లోపలికి వెళ్లాను కాబట్టి ఆవిడకు పక్కగా ఉన్నాను. ఆవిడ మెడ తిరగదు.

"ఎవలు?" అంది.

"సార్‌తోని ఆఫీసుల పనిచేసినమ్మా. కంప్యూటర్ మీద..."

"ఫోన్ల అవ్ అన్న బిడ్డవా?"

అక్కడే ఉన్న రోలు మీద కూర్చున్నాను. ఆవిడ వీధి వైపు చూస్తూనే చెప్పింది. ముగ్గు పోసిన రోజు పొద్దుగాలనే తమ్ముడు ఎస్టీడీ బూతుకు పోయి హైదరాబాదుకు ఫోను కొట్టిండట, స్ట్రక్చర్ కాయిదాలు ఏమైనయని. నడుమల ఉన్నది అదేనా అంటె మీ మేడమే అవ్ అన్నది, డ్రాయింగులు పంపి గూడ శానా రోజులాయె అని ఆ సారు చెప్పిండట. అంటే సైటు మీద నా ఎదురుగా నిలబడి "చూడలేదా బిడ్డా" అని అడిగేసరికే ఆయనకు అంతా తెలుసు. నేను చెబుతానేమో అని అడిగారు.

"ఆ శనివారం వచ్చి ఒకటే నవ్వుడు" అంది ఆవిడ. "కల్లమంటె కాలమనుకున్నరే అక్కా అని, కండ్లల్ల నీళ్లు కారంగ నవ్విండు. నాకు నవ్వు రాలే. ఆ బిడ్డ మీద కోపం లేదా అంటె, ఎందుకు, ఇద్దరు మంచిగనే మాట్లాడుకున్నరు, ఒగలది ఒగలకు ఇనవడలే అన్నడు. ఎన్నడో ఒకనాడు టీ తాగుతాంటె తనే చెప్తది, అప్పుడు ఇద్దరం నవ్వుకుంటం అన్నడు."

లోపలి నుంచి ఆవిడ కోడలు చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతికిచ్చింది. ఏ నీళ్లని అడగలేదు. తాగాను.

"చెప్పినవా మరి?" అంది ఆవిడ.

"లే" అన్నాను.

ఆవిడ గుంజ మీద చెయ్యి సర్దుకుంది. తర్వాత, తిట్టినట్టు కాకుండా, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది. "ఒక్క రూముల్నే ఉంటిరి గద బిడ్డా, ఆరేండ్లు?"

ఆవిడ తిరగలేదు కాబట్టి నా మొహం ఆవిడకు కనబడదు. నేను లేచి నాలుగడుగులు వేస్తే ఆవిడ ఎదుటికి వస్తాను. చెంబు పట్టుకుని అక్కడే కూర్చున్నాను.